షికారు బండ్లు - దారి పొడవునా మనుషులు

చలికాలం వచ్చిందంటే విశాఖపట్నం, అనకాపల్లి వైపు నుండి యువకులు మోటారు సైకిళ్ళ మీద లంబసింగికి బయలుదేరడం కొన్నేళ్ళుగా మామూలైపోయింది. తెల్లవారేసరికి చెరువులవేనం కొండ మీదికి చేరుకొని, కింద లోయలో పరచుకున్న మబ్బులను చూడాలని వారి ఆశ. అందుకోసం అర్ధరాత్రి దాటగానే ఇల్లు విడుస్తారు. పదేసి, పదిహేనేసి బండ్లు గుంపుగా పోతాయి. మా ఆసుపత్రి ఆ దారి పక్కనే ఉంది. కాబట్టి ఈ షికారును మేము రాత్రి వార్డు కిటికీలోంచి ఒకసారి, మర్నాడు మధ్యాహ్నం క్యాజువాలిటీలో మరొకసారి చూస్తుంటాము.

సరదాగా బండి నడపడాన్ని మేము తప్పు పట్టడం లేదు. వారమంతా కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లవాడు ఆదివారం పూట కొండగాలి పీల్చుకొని వస్తే ఒంటికీ మనసుకూ మంచిదే. మా సిస్టర్ల అబ్బాయిలలోనే ఇద్దరు ముగ్గురు ఇలా వెళ్ళి వస్తుంటారు. బుల్లెట్టు బండిని చంటిపిల్లకు స్నానం చేయించినట్లు కడుగుతుంటే చూడటానికి ముచ్చటగా కూడా ఉంటుంది. అయితే వారికి షికారు అయిన ఆ దారి మీదే కొందరి ఇల్లు, కొందరి పొలం, కొందరు జబ్బుపడిన వారి మంచం ఉన్నాయి. ఆ సంగతి గుర్తుంటే చాలు, మేము చెప్పబోయే వాటిలో సగం చెప్పనవసరం లేదు.

ముందుగా చప్పుడు సంగతి. సైలెన్సరు లోపల అరలు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. ఇంజనులోంచి వచ్చే శబ్దం వాటిలో తగిలి తగిలి తగ్గిపోయి బయటికి వస్తుంది. కొందరు దానిని తీసివేయించి ఖాళీ గొట్టం బిగించుకుంటున్నారు. రోడ్డు మీద అది హుషారుగానే వినిపించవచ్చు. వార్డులో అలా ఉండదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ పెద్ద శబ్దానికి ఉలిక్కిపడితే గుండె వేగం మారుతుంది, ఊపిరి తడబడుతుంది. బి.పి. పెరిగి ఫిట్స్ వచ్చిన గర్భిణిని మేము వెలుతురు తగ్గించిన గదిలో, చెప్పుల చప్పుడు కూడా వినపడకుండా చూసుకుంటాము. ధనుర్వాతం రోగి సంగతి మరీ కష్టం. చిన్న శబ్దానికే అతని కండరాలు బిగుసుకుపోయి ఒళ్ళు విల్లులా వంగుతుంది. టీకాల వల్ల ఆ జబ్బు ఇప్పుడు బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

ఒక డిసెంబరులో మా దగ్గర అలాంటి రోగి ఉన్నాడు. కాలిలో తుప్పు మేకు దిగి, టీకా వేయించుకోక, పది రోజుల తరువాత దవడ బిగుసుకుపోయి వచ్చిన రైతు. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, కిటికీకి దుప్పటి కట్టి, అందరమూ సైగలతోనే మాట్లాడుకుంటున్నాము. రెండు గంటల వేళ బండ్ల గుంపు ఒకటి మా గేటు ముందే ఆగింది. వెనకబడిన స్నేహితుని కోసం ఎదురుచూస్తూ ఇంజన్లు రేజ్ చేశారు. ఆ అయిదు నిమిషాలలో ఆయనకు రెండుసార్లు బిగుసుకుపోయింది, ఊపిరి ఆగినంత పని అయింది. డాక్టరుగారు పరుగున వచ్చి మందు ఎక్కించారు. నెల పైన పట్టింది గానీ ఆయన కోలుకొని నడిచే ఇంటికి వెళ్ళాడు. ఆ అబ్బాయిలకు ఇదంతా తెలియనే తెలియదు. తెలిస్తే బండ్లు ఆపి నెట్టుకుంటూ పోయేవారని మా నమ్మకం.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ప్రకటించిన నిశ్శబ్ద ప్రాంతాలలో, అంటే ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు, రాత్రి వేళ శబ్దం 40 డెసిబెళ్ళు మించరాదు. గుసగుసకూ మామూలు మాటకూ మధ్య ఉండే చప్పుడు అది. కంపెనీ సైలెన్సరు ఉన్న బండి అయినా, ఊళ్ళోకి రాగానే వేగం తగ్గించి, హారను మానుకొని నిదానంగా దాటిపోవాలి. స్నేహితుల కోసం ఆగవలసి వస్తే ఊరు దాటాక ఆగి, ఇంజను ఆపండి. మరొక మాట: హెల్మెట్టులో గంటల తరబడి హోరెత్తే గాలి, ఖాళీ గొట్టం మోత కలిసి ముందుగా పాడుచేసేది నడిపేవారి చెవులనే.

పల్లపు ఊళ్ళలో అదే రోజులలో కోతలు, నూర్పిళ్ళు. కళ్ళాలు లేని రైతులు ధాన్యాన్ని రోడ్డు మీదే ఆరబోసి, అంచున రాళ్ళు పెడతారు. చీకట్లో ఆ రాళ్ళు ప్రమాదమే, అలా పెట్టవద్దని రైతులకు కూడా చెబుతున్నాము. అయినా ధాన్యం మీదుగా బండి పోనిచ్చి, అడ్డు వచ్చిన ముసలాయన మీద కేకలు వేయడం భావ్యం కాదు. వాన పడితే ఆయన ఏడాది కష్టం మొలకెత్తిపోతుంది.

ఘాట్ రోడ్డు ఎక్కాక సంగతులు వేరు. సంత రోజు అయితే తెల్లవారుజాము నుండే గిరిజనులు నెత్తిన గంపలతో, కావిళ్ళతో, పిల్లలను నడిపించుకుంటూ రోడ్డు వారగా వస్తుంటారు. మంచులో హై బీము వేస్తే ఎదురుగా తెల్లని గోడ కనబడుతుందే గానీ మనిషి కనబడడు. డిమ్ములోనే పోవాలి. గుంపుగా వెళ్ళేటప్పుడు బండికీ బండికీ మధ్య ఎడం ఉంటే వెనుక వచ్చే బస్సుకో జీపుకో దారి దొరుకుతుంది. ఆ జీపులో పురుటి నొప్పుల మనిషి ఉండవచ్చు. మాకు అలా వచ్చిన కేసులు ఎన్నో. ఇక కొండ మీద పగిలిన సీసాలు. ఫోటోలు తీసుకొన్నవారు సాయంత్రానికి ఇల్లు చేరతారు, గాజుపెంకులు మాత్రం అక్కడే ఉంటాయి. వాటిని మేము చెప్పులు లేని పాదాలలోంచి తీస్తుంటాము. ఫోటోల మాట వచ్చింది కనుక, అక్కడి ఆడవారిని అడగకుండా తీయకండి బాబూ.

మా అనుభవంలో వెళ్ళేటప్పుడు పడినవారి కన్నా తిరుగు ప్రయాణంలో పడినవారే ఎక్కువ. రాత్రంతా నిద్ర లేదు, చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి, తరువాత ఎండ ఎక్కుతుంది, కడుపు నిండా టిఫిను. అప్పుడు కళ్ళు మూతపడటం వింత కాదు. నిద్ర వస్తే టీ సరిపోదు, అరగంట పడుకోవాలి. ముందు కూర్చున్న అబ్బాయికి హెల్మెట్టు ఉండి, వెనుక కూర్చున్నవారికి లేకపోవడం కూడా మేము తరచు చూస్తున్నాము. చట్టంలో ఇద్దరికీ ఉంది.

ఎవరైనా పడి ఉండగా చూస్తే దయచేసి ఆగండి. 108కి ఫోను చేయండి. సాయం చేసినవారిని పోలీసులు గానీ ఆసుపత్రివారు గానీ పేరు చెప్పమని బలవంతపెట్టరాదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద చేసిన నియమాలు చెబుతున్నాయి. చోటు ప్రమాదకరమైతే తప్ప కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తవద్దు. నీళ్ళు తాగించవద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. ఊపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్టు లాగవద్దు. ఊపిరి ఆడక తప్పనిసరిగా తీయవలసి వస్తే ఇద్దరుండాలి. ఒకరు మెడనూ దవడనూ కదలకుండా పట్టుకోవాలి, రెండవవారు పట్టీ విప్పి నెమ్మదిగా జరపాలి.

ఇంటి ఫోను నంబరు, బ్లడ్ గ్రూపు, పడని మందులు ఉంటే వాటి పేర్లు ఒక కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. తాళం పడిన సెల్‌ఫోనులోంచి నంబరు తీయడం మాకు సాధ్యం కాదు. ఇంటివారే ఏదో పనిమీద ఫోను చేసేవరకు ఆగవలసి వస్తోంది.