మీకు తెలుసా? మీసేవ మొదలైంది మన చిత్తూరు జిల్లాలోనే

చిత్తూరు వైపు ఇద్దరి మధ్య తగాదా ఎంతకీ తెగకపోతే చివరికి వినిపించే మాట ఒకటే: ‘కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా?’ కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి అబద్ధమాడడానికి ఇప్పటికీ చాలామందికి గుండె చాలదు. మందు మానేస్తామని ఒట్టు పెట్టుకునేవాళ్లూ అక్కడికే వస్తారు. ఒక మనిషి మాటను నమ్మడానికి ఈ ప్రాంతం వెతుక్కున్న దారి అది.

ప్రభుత్వ కార్యాలయాల్లో మాత్రం మాట చాలదు. కాగితం కావాలి, దాని మీద సంతకం కావాలి, నకలు పెడితే అది అసలుకు సరిపోయిందని గెజిటెడ్ అధికారి మరో సంతకం చేయాలి. ఈ చిక్కుముడిని విప్పే పని కూడా ఈ జిల్లాలోనే మొదలైందని మీకు తెలుసా?

2011 నవంబరు 4న ‘మీసేవ’ చిత్తూరు జిల్లాలో ఆరంభమైంది. అప్పటికి రాష్ట్రం ఒక్కటే. ముఖ్యమంత్రి అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న పీలేరు నుంచి గెలిచిన నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి. రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖల్లో జనం ఎక్కువగా అడిగే 10 సేవలతో మొదలుపెట్టి, తర్వాత రాష్ట్రమంతటికీ, వందల సేవలకూ విస్తరించారు. 1911 ఏప్రిల్ 1న ఏర్పడిన చిత్తూరు జిల్లాకు సరిగ్గా నూరేళ్లు నిండిన ఏడాది అది.

మీసేవ అంటే కంప్యూటర్ పెట్టి సర్టిఫికెట్ ముద్రించడమేనని చాలామంది అనుకుంటారు. దాని అసలు బలం డిజిటల్ సంతకంలో ఉంది. పత్రంలోని ప్రతి అక్షరాన్నీ, ప్రతి అంకెనూ కలిపి కంప్యూటర్ ఒక లెక్క కడుతుంది. ఆ లెక్కను అధికారి తన రహస్య తాళంతో బిగిస్తాడు. ఆ తర్వాత ఎవరైనా సర్వే నంబరులో ఒక్క అంకె మార్చినా లెక్క తప్పి మోసం బయటపడుతుంది. 2000 నాటి ఐటీ చట్టం ఈ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. మీసేవలో చాలా రికార్డులను అధికారులు ముందుగానే డిజిటల్ సంతకంతో భద్రపరిచారు. అందుకే ఆ సేవలకు కౌంటర్ దగ్గర నిలబడ్డ కాసేపట్లోనే పత్రం చేతికొస్తుంది. విచారణ అవసరమైన వాటికి మాత్రం గడువు పెట్టారు. తహసీల్దారు క్యాంపుకు వెళ్లాడనో, గుమస్తా సెలవులో ఉన్నాడనో ఉత్తచేతులతో ఇల్లు చేరే అవస్థ అలా తగ్గింది. కూలి పోగొట్టుకుని మండలాఫీసుకు నాలుగుసార్లు తిరిగినవాళ్లకు ఆ తేడా ఎంతటిదో చెప్పనక్కర్లేదు.

భూమి రికార్డుల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. కాణిపాకం పేరులోనే భూమి ఉంది. ముగ్గురు అన్నదమ్ములు, ఒకరు గుడ్డి, ఒకరు చెవిటి, ఒకరు మూగ, బావి తవ్వుతుంటే రాయి తగిలి స్వామి వెలిశాడనీ, కొబ్బరి నీళ్లు ‘కాణి’ మాగాణికి పారాయనీ స్థలపురాణం చెబుతుంది. చోళుల కాలపు తమిళ శాసనాల్లో ‘కాణి’ అంటే భూమి మీద వంశపారంపర్య హక్కు. భూమి మీది హక్కును పేరులోనే దాచుకున్న ఊరు ఇది.

ఆ హక్కుల లెక్కలు తరతరాలుగా కరణం చేతుల్లో ఉండేవి. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. రిజిస్ట్రార్ ఆఫీసుల్లో దస్తావేజులను లావుపాటి పుస్తకాల్లోకి చేత్తో తిరగరాయడం మాత్రం ఆ తర్వాత కూడా ఆగలేదు. ఈసీ, అంటే ఆస్తి మీద ఉన్న అప్పులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం కావాలంటే ఆ పుస్తకాలు వెతికేందుకు రోజులు పట్టేది. దీన్ని మార్చింది, రిజిస్ట్రేషన్ పనిని కంప్యూటర్‌లోకి తెచ్చిన ‘కార్డ్’ ప్రాజెక్టు. 1998 నవంబరులో రాష్ట్రంలో రెండు వందలకు పైగా రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో మొదలైంది. రోజుల పని నిమిషాలకు వచ్చింది. దాన్ని ముందుండి నడిపిన ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ తర్వాత ఆధార్ సంస్థకు చైర్మన్ అయ్యారు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి సొంతూరు నారావారిపల్లె కూడా అప్పట్లో ఈ జిల్లాలోనే ఉండేది. 2001 ఆగస్టు 25న ‘ఈసేవ’ వచ్చింది. కరెంటు, నీళ్లు, ఫోను బిల్లులన్నీ ఒకే కౌంటర్‌లో కట్టడం దాంతోనే అలవాటైంది.

ఇదే జిల్లాలోని కుప్పం కథ నాకు వీటన్నిటికంటే ఇష్టం. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ ప్రయోగం చేపట్టి, ఊళ్లలో సమాచార కేంద్రాలు తెరిచాయి. స్వయం సహాయక సంఘాల మహిళలు కొందరు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, సౌరశక్తి సరంజామా పట్టుకుని ఊరూరూ తిరిగేవారు. గుర్తింపు కార్డుకు కావాల్సిన ఫొటో తీసి అక్కడికక్కడే చేతిలో పెట్టేవారు. ఫొటో కోసం పట్నం పోవాల్సిన కాలంలో ఫొటోనే గడప దగ్గరికి వచ్చింది, అదీ పక్కింటి ఆడబిడ్డ చేతి మీదుగా. పరికరం ఎంత గొప్పదైనా దాన్ని నడిపే మనిషి మన ఊరివాళ్లయితేనే జనం దగ్గరికి వస్తారని అప్పుడే రుజువైంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు నాకు ఆ ఆలోచనకే పెద్ద రూపంలా కనిపిస్తాయి. అవి 15 వేలకు పైగా ఉన్నాయి.

ఇక 2025 జనవరి 30న ‘మన మిత్ర’ వచ్చింది. వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు, తొలి విడతలో 161. దేవాదాయ శాఖ, విద్యుత్తు, ఆర్టీసీ, రెవెన్యూ సేవలు ఆ జాబితాలో ఉన్నాయి.

ఇంత దూరం వచ్చినా మనకు ఇంకో మెట్టు మిగిలే ఉంది. ఐరోపాలో ఎస్టోనియా అని 13 లక్షల జనాభా ఉన్న చిన్న దేశం ఉంది. 2011 లెక్కల ప్రకారం మన పాత చిత్తూరు జిల్లా జనాభా దాదాపు 42 లక్షలు. మనకు ఈసేవ వచ్చిన 2001లోనే ఎస్టోనియా తన శాఖల రికార్డులను ‘ఎక్స్-రోడ్’ అనే వ్యవస్థతో కలిపింది. పౌరుడు ఒకసారి ఇచ్చిన వివరాన్ని ప్రభుత్వం మళ్లీ అడగకూడదన్నది అక్కడి నియమం. మనకు ఇంకా అందాల్సింది ఇదే. కుల ధ్రువీకరణ ఇచ్చేది ప్రభుత్వమే, ఏటా కాలేజీలో చేరే పిల్లవాణ్ని ఆ కాగితం తెమ్మనేదీ ప్రభుత్వమే. తన దగ్గరున్న దాన్నే తెమ్మని పేదవాణ్ని తిప్పడం అన్యాయం.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. అధికారి డిజిటల్ తాళం పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరంలో ఉంటుంది, డాంగిల్ అంటారు. దాన్ని పాస్‌వర్డ్‌తో సహా ఆపరేటర్‌కు అప్పగిస్తే, ఎవరి భూమి ఎవరి పేరుకైనా మారొచ్చు. ఒకరి బదులు ఇంకొకరు కోనేట్లో మునగడం కాణిపాకంలో కుదరదు. ప్రభుత్వ సంతకానికీ ఆ కట్టుబాటే ఉండాలి.

మీ ఇంట్లో ఉన్న మీసేవ పత్రాన్ని ఒకసారి తీసి చూడండి. దాని మీది నంబరును మీసేవ వెబ్‌సైట్‌లో కొడితే అది అసలుదో కాదో తెలుస్తుంది. భూమి కొనేముందు, ఇల్లు కొనేముందు తప్పక చూసుకోండి. మన మిత్ర నంబరు 95523 00009 ఫోన్‌లో పెట్టుకోండి. మీ వీధిలో స్మార్ట్‌ఫోన్ లేని అవ్వో తాతో ఉంటే, ఈ వారం వాళ్ల కరెంటు బిల్లో, సర్టిఫికెట్టో మీ ఫోన్‌లోంచి ఒక్కటి చేసిపెట్టండి.