దూరవైద్యంలో మందుచీటీ: ఫార్మసిస్టు బాధ్యతలు, హద్దులు

గత భాగంలో, మెడికల్ షాపుకు నేరుగా వచ్చిన రోగి విషయంలో ఫార్మసిస్టు ఏమేమి చేయాలో తెలుసుకున్నారు. ఈ భాగంలో రోగి షాపుకు రాడు. వైద్యుడి దగ్గరికీ వెళ్లలేదు. వీడియో కాల్‌లో మాట్లాడాడు, ఫోనుకు మందుచీటీ వచ్చింది. దాన్ని మీకు పంపి, మందులు ఇంటికి చేర్చమంటున్నాడు. ఇవ్వవచ్చా?

శంషాబాద్‌లో షాపు నడిపేవారికి ఇది ఊహించి అడిగిన ప్రశ్న కాదు. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలయ్యాక, ఆ చుట్టుపక్కల షిఫ్టుల్లో పనిచేసేవారు పెరిగారు. రాత్రి డ్యూటీ దిగి పగలు నిద్రపోయే మనిషికి ఆసుపత్రి ఓపీ వేళలు కుదరవు. చాలామందికి అలవాటైన డాక్టరు సొంత ఊళ్లోనే ఉంటాడు. కాబట్టి ఫోనే దారి.

వైద్యుడి సలహా ఎంత దూరం వెళ్తుంది?

2020 మార్చి 25న టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. వాటి ప్రకారం నమోదైన వైద్యుడు దేశంలో ఏ మూలనున్న రోగికైనా దూరం నుంచి సలహా ఇవ్వవచ్చు. విశాఖ వైద్యుడు శంషాబాద్ రోగికి రాసిన చీటీ, రాష్ట్రం వేరన్న కారణంగా చెల్లకుండా పోదు. అయితే దేశం హద్దు దాటిన సంప్రదింపులు ఈ మార్గదర్శకాల పరిధిలోకి రావు.

ఇక్కడ మన ప్రాంతంలో ఒక మాట చిక్కు తెస్తుంది. మార్గదర్శకాల్లో ‘ఆర్‌ఎంపీ’ అంటే వైద్య మండలిలో నమోదైన వైద్యుడు. మన ఊళ్లలో ‘ఆర్‌ఎంపీ డాక్టరు’ అంటే దాదాపు దీనికి వ్యతిరేకం, డిగ్రీ లేకుండా వైద్యం చేసే మనిషి. ఫోనులో వచ్చిన చీటీ మీద మొదట చూడవలసింది మండలి రిజిస్ట్రేషన్ నంబరు. అది లేకపోతే తక్కినవి చూడనక్కర లేదు.

నంబరు ఉంటే తరువాత చూడవలసింది మందు. పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ వంటివి ‘ఓ’ జాబితాలో ఉన్నాయి. వాటిని ఏ పద్ధతిలో మాట్లాడినా రాయవచ్చు. ‘ఏ’ జాబితా మందులకు మొదటిసారి వీడియోలో చూడాలి. ‘బి’ జాబితా మందులు, అదే జబ్బుకు ఇంతకు ముందు నేరుగా చూసిన రోగికి మాత్రమే. షెడ్యూల్ ఎక్స్ మందులు, మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చేవి నిషిద్ధ జాబితాలో ఉన్నాయి. ఇంకొకటి, వైద్యుడు చీటీని నేరుగా ఒక షాపుకు పంపాలంటే రోగి స్పష్టమైన సమ్మతి ఉండాలి. ఏ షాపులో కొనాలన్నది రోగి ఇష్టం. ఒక డాక్టరు చీటీలన్నీ ఒకే షాపు ఫోనుకు వస్తుంటే ఈ నిబంధన గుర్తుకు రావాలి.

మందు ఎంత దూరం వెళ్తుంది?

సలహాకు లేని హద్దు మందుకు ఉంది. 1940 నాటి చట్టం, 1945 నాటి డ్రగ్స్ నిబంధనల ప్రకారం లైసెన్సు షాపు ఆవరణకు ఇస్తారు. చీటీ మీద ఇచ్చే మందును నమోదైన ఫార్మసిస్టు స్వయంగా, లేదా ఆయన పర్యవేక్షణలోనే ఇవ్వాలి. ఆన్‌లైన్ అమ్మకాల కోసం 2018 ఆగస్టులో కేంద్రం ముసాయిదా నిబంధనలు ప్రకటించింది కానీ, అవి ఏళ్ల తరబడి ముసాయిదాగానే ఉండిపోయాయి. ఆ ఖాళీలోకి వచ్చింది 2020 మార్చి 26 నాటి కోవిడ్ కాలపు ఉత్తర్వు. దాని ప్రకారం ఈమెయిల్‌లో వచ్చిన చీటీ మీద షెడ్యూల్ హెచ్ మందులను ఇంటికి చేర్చవచ్చు. తాత్కాలిక జబ్బు చీటీ రాసిన 7 రోజుల్లోగా, దీర్ఘకాలిక జబ్బు చీటీ 30 రోజుల్లోగా షాపుకు అందాలి. షెడ్యూల్ హెచ్1, ఎక్స్ మందులకు, మత్తు మందులకు ఈ సడలింపు లేదు. మందు చేరే ఇల్లు షాపు ఉన్న రెవెన్యూ జిల్లాలోనే ఉండాలి.

ఈ చివరి షరతును శంషాబాద్‌కు వర్తింపజేసి చూడండి. శంషాబాద్ రంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు పునర్విభజనలో షాద్‌నగర్, కొత్తూరు ప్రాంతాలు మహబూబ్‌నగర్ నుంచి ఈ జిల్లాలోకి వచ్చాయి. కాబట్టి సుమారు 30 కి.మీ. దూరంలోని షాద్‌నగర్‌కు మందు పంపవచ్చు. అంతకంటే దగ్గరలో, ఆరాంఘర్ దాటాక వచ్చే బహదూర్‌పురాకు పంపరాదు. అది హైదరాబాద్ జిల్లా. పోలీసు కమిషనరేట్ హద్దో, పిన్‌కోడో, యాప్‌లో కనిపించే కిలోమీటర్లో ఇక్కడ లెక్కలోకి రావు. రోగి సౌకర్యం దృష్టితో చూస్తే ఇది వింతగానే ఉంటుంది. తనిఖీ అధికారికి జవాబుదారీగా ఉండే షాపు ఫలానాదని తేలాలన్న దృష్టితో చూస్తే అర్థమవుతుంది.

ఫోనులో ఫార్మసిస్టు ఏం చెప్పవచ్చు?

ఇంగ్లండులో 2024 జనవరి 31 నుంచి 7 సాధారణ జబ్బులకు ఫార్మసిస్టులే చూసి మందు ఇస్తున్నారు. మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఫార్మసిస్టుకు రోగ నిర్ధారణ చేసే అధికారం ఇవ్వలేదు. ‘జ్వరం వచ్చింది, ఏదైనా రాసి పంపు అన్నా’ అని ఫోను వస్తే, డాక్టరుకు చూపించమని చెప్పడమే మీ పని.

అంతమాత్రాన ఫోను పక్కన పెట్టేయకూడదు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల ప్రకారం మందు ఎంత మోతాదు, ఎన్నాళ్లు, దుష్ప్రభావాలేమిటి, ఎలా భద్రపరచాలి, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి అన్నవి రోగికి వివరించడం ఫార్మసిస్టు విధి. షాపులో అయితే కౌంటరు దగ్గర చెబుతాం. ఇంటికి పంపినప్పుడు పొట్లం అందించే కుర్రవాడు ఇవేవీ చెప్పలేడు. కాబట్టి మందు చేరాక మీరే ఫోను చేయాలి. ఇన్సులిన్‌నే తీసుకోండి. తెరవనంత వరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన విమానాశ్రయం కార్గోలో మందుల కోసమే ప్రత్యేకంగా చల్లని మండలం ఉంది. అంత జాగ్రత్తగా వచ్చే మందు, చివరి నాలుగు కిలోమీటర్లు మే నెల ఎండలో బండి డిక్కీలో వెళ్లకూడదు కదా!

ఒక ఉదాహరణ

కార్గోలో లోడింగ్ పని చేసే ఒకాయన నడుము నొప్పికి వీడియోలో నాందేడ్ వైద్యుణ్ణి సంప్రదించాడనుకుందాం. ఉండేది కొత్తూరులో. చీటీలో ట్రమడాల్ ఉంది. నాలుగు రోజుల్లో దుబాయ్ ప్రయాణం.

వైద్యుడు నమోదైనవాడే, ఇల్లు జిల్లాలోనిదే. కానీ ట్రమడాల్ 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం కింద ఉంది. దాన్ని దూరవైద్యంలో రాయకూడదు. షెడ్యూల్ హెచ్1లో కూడా ఉంది కాబట్టి, వైద్యుడు నేరుగా చూసి కాగితం మీద రాసినా, ఇంటికి పంపడం కుదరదు. రోగి చీటీతో షాపుకు రావాలి. వివరాలు ప్రత్యేక రిజిస్టరులో రాసి 3 సంవత్సరాలు భద్రపరచాలి. పోనీ, నొప్పికి వేరే మాత్ర మనమే ఇద్దామా? చీటీలోని మందును సొంతంగా మార్చే అధికారం ఫార్మసిస్టుకు లేదు. నాందేడ్ వైద్యుడికి ఫోను చేసి కారణం చెప్పి, మార్చి రాసిన చీటీ తెప్పించుకోవాలి. ఆ తరువాత రోగికి కూడా ఒకసారి ఫోను చేయాలి. యుఏఈలో ట్రమడాల్ నియంత్రిత మందు. ముందస్తు అనుమతి లేకుండా సంచిలో పెట్టుకుని దిగితే కేసు అవుతుంది. ఇంట్లో పాత మాత్రలేమైనా మిగిలి ఉంటే, సామాను సర్దుకునేటప్పుడు వాటిని తీసేయమని చెప్పండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: పై ఉదాహరణలో రోగి బహదూర్‌పురాలో ఉంటూ, మధుమేహానికి రాసిన 40 రోజుల నాటి చీటీని ఈమెయిల్‌లో పంపితే మీరు ఏం చేస్తారు? రెండు కారణాలు చూపి రాయండి.