గాలికి దారి - దొంగకు అడ్డు

మే నెల రాత్రి పది గంటల వేళ కాచిగూడ సందులలో నడిచేవారికి ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. మేడమీది గదుల కిటికీలు బార్లా తెరచి ఉంటాయి. నేల అంతస్తు కిటికీలు మాత్రం గడియలు బిగించి ఉంటాయి. ఆ మూసిన కిటికీల వెనుక పరీక్షకు చదువుకునే విద్యార్థి ఉంటాడు, నిద్రపట్టక ఏడ్చే పసిబిడ్డ ఉంటుంది, ఊపిరాడక లేచి కూర్చున్న ముసలితల్లి ఉంటుంది. విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న తార్నాకలో అద్దె గదులు తీసుకున్న విద్యార్థుల పరిస్థితి కూడా ఇంతే. కిటికీ తెరిస్తే దొంగభయం, మూస్తే ఉక్కపోత. రెండింటిలో ఒకటి భరించక తప్పదని మనం అనుకుంటున్నాము. అది నిజం కాదని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట ఒక సంగతి గ్రహించవలసి ఉన్నది. మేడ ఉన్న ఇంటిలో స్వభావరీత్యా చల్లనిది నేల అంతస్తే. ఎండకు కాగే పైకప్పు దానికి దూరం. క్రింది భూమి పగటి వేడిని కొంత తనలోనికి తీసుకుంటుంది. అటువంటి గది రాత్రి కొలిమిగా మారడానికి కారణం గోడలు. మే నెలలో హైదరాబాదు పగటి ఉష్ణోగ్రత సగటున 39 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరుతుంది. తెల్లవారుజామున 26 డిగ్రీల వరకు దిగుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఎండలో త్రాగిన వేడిని వెంటనే విడవదు. ఆరేడు గంటలు ఆలస్యంగా లోపలికి విడుస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలకు పడమటి గోడకు తగిలిన ఎండ రాత్రి తొమ్మిది, పది గంటలకు మన మంచం ప్రక్కకు చేరుతుందన్నమాట. అప్పటికి బయటి గాలి చల్లబడుతూ ఉంటుంది. మనం కిటికీ మూసేదీ అప్పుడే. ఇక పంఖా ఎంత వేగంగా తిరిగినా గదిలోని వేడిగాలినే త్రిప్పుతుంది. అది చర్మం మీది చెమటను ఆరబెట్టగలదు గాని, గోడలోని వేడిని బయటకు పంపలేదు. ఆ పనికి రాత్రిగాలి కావాలి. ఏ.సి. కొనగలవారికి ఈ బాధ లేదనవచ్చును. అయితే ఆ యంత్రం విడిచే వేడి ఇరుకు సందులో ఎదుటివారి కిటికీకే తగులుతుంది.

గాలి రావాలి, మనిషి రాకూడదు. ఈ చిక్కుకు పూర్వులు ఏనాడో పరిష్కారం చూపారు. పాత హైదరాబాదు ఇండ్లలో వీధివైపు కిటికీలు తక్కువ. గదులు లోపలి సెహన్ వైపు, దాని అంచున ఉన్న దాలాన్ వైపు తెరచుకునేవి. ఆకాశం క్రింద రాత్రి త్వరగా చల్లబడిన సెహన్ నుండి గాలి గదులలోనికి వచ్చేది. గోడ పైభాగాన, కప్పుకు కొంచెం దిగువన రోషన్‌దాన్ ఉండేది. పర్దా కోసం అమర్చిన జాలీ చూపుకూ చేతికీ అడ్డుపడుతూనే గాలికి దారి ఇచ్చేది. కైరో నగరంలో కొయ్యతో చేసిన మష్రబియ్యాలు నెరవేర్చిన పని కూడా ఇదే. మన నగరం పేరే గల సింధు ప్రాంతపు హైదరాబాదులో ఇండ్ల కప్పుల మీద గాలిని పట్టే గూళ్లు కట్టేవారు. పైన వీచే గాలి వాటి గుండా క్రింది గదులకు దిగేది. వీధి కిటికీ తెరిచే అవసరం తగ్గేది.

ఈ ఏర్పాట్లలోని శాస్త్రం సులభమైనది. వేడిగాలి తేలిక, అది పైకి పోతుంది. పైన దానికి దారి ఉంటేనే క్రింది నుండి చల్లగాలి లోపలికి వస్తుంది. రెండు ద్వారాల మధ్య ఎత్తు రెట్టింపయితే గాలి ప్రవాహం సుమారు 1.4 రెట్లవుతుంది. రెండింటిలో చిన్నదే గాలి పరిమాణాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. కిటికీ ఎంత పెద్దదైనా పైదారి మూసి ఉంటే ప్రయోజనం స్వల్పం. నేడు అనేక గృహాలలో వెంటిలేటర్లు ఉన్నవి. కాని వాటిని అట్టముక్కలతోనో పాత పుస్తకాలతోనో మూసివేశాము. అద్దెకున్నవారు కూడా రూపాయి ఖర్చు లేకుండా చేయగల మొదటి పని వాటిని తెరవడం. వాటికీ చువ్వలు ఉండాలన్నది మరువరాదు.

ఇక భద్రత విషయం. కిటికీ చువ్వలు చట్రంలోనికి దిగి ఉండాలి. బయటి నుండి మరలు విప్పగలిగేటట్లు ఉండరాదు. చువ్వల మధ్య సందు నాలుగు అంగుళాలు మించకుండా ఉండటం మేలు. అయినా చువ్వలు మనిషిని ఆపుతాయి గాని కర్రను ఆపవు. కాబట్టి చొక్కా, గడియారం, ఫోను, తాళపుచెవులు కిటికీకి దూరంగా ఉంచాలి. మంచాన్ని కూడా చేయి అందనంత ఎడంగా వేయాలి. దట్టమైన పర్దా గాలిని ఆపుతుంది. కిటికీ క్రింది సగానికి కట్టితే మర్యాద, గాలి రెండూ దక్కుతాయి. జాలీ పగలు మనలను దాస్తుంది గాని, రాత్రి లోపల దీపం వెలిగితే బయటివారికి అంతా కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. వీధి తలుపు గడియ వేసి, లోపలి గదుల తలుపులు తెరచి ఉంచితే గాలి ఇంటిలో ఈ చివర నుండి ఆ చివరకు పారుతుంది. బయటి గాలి లోపలికంటె చల్లబడిన తరువాతనే కిటికీలు తెరచి, ఉదయం ఎండ ముదరక ముందే మూసివేయాలి.

కూలరు వాడేవారు ఒక పొరపాటు చేస్తుంటారు. గది మొత్తం మూసి కూలరు నడిపితే తడి పెరిగి ఉక్క హెచ్చుతుంది. లోపలికి వచ్చినంత గాలి వెలుపలికి పోవాలి. ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది. వర్షాలు మొదలైన తరువాత దాని ప్రభావం తగ్గుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది చివరగా చెబుతున్నాము. దొంగకు అడ్డుగా పెట్టిన ఇనుప జాలీ అగ్నిప్రమాదం నాడు మనకే అడ్డు కారాదు. ప్రతి పడకగదిలో ఒక కిటికీ జాలీ అయినా లోపలి నుండి తెరచుకునేటట్లు ఉండాలి. దాని తాళపుచెవి బయటివారి చేతికి అందని, ఇంటిలోని పిల్లలకు కూడా తెలిసిన ఒకే చోట ఉండాలి. నిద్రకు ముందు తలుపులు మూయాలని, దీపాలు ఆర్పాలని దైవప్రవక్త (స) బోధించినట్లు హదీసులు తెలుపుతున్నాయి. తలుపు మూయడం, దీపం ఆర్పడం ఈ రెండింటినీ ఒకేచోట తలచిన బోధ అది.

కళాశాల పాలకవర్గం వారికి, రేపు ఇండ్లు కట్టుకోబోయే విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే. ఎక్కడ గది కట్టినా నక్షాలో తలుపు, కిటికీలతో పాటు రోషన్‌దాన్‌ను కూడా వ్రాయించండి. గోడ కట్టేటప్పుడు దానికి అయ్యే ఖర్చు స్వల్పం. ఆ తరువాత ఆ గదిలో నిద్రించే ప్రతివారికీ ప్రతి వేసవిలో దాని ఫలం దక్కుతుంది.