హాస్కెల్ భాషలో పేర్లు, సంఖ్యల గుర్తింపు: తెలుగు లిపి దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: హాస్కెల్ అనే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాష మూలపాఠంలోని పేర్లను, సంఖ్యలను ఏ నియమాలతో విడదీస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ నియమాలు యూనికోడ్ అక్షరవర్గాలపై ఆధారపడటం వల్ల తెలుగు గుణింతం రెండుగా చీలి, ఉకారాంత పదాలు, సున్నతో ముగిసే పదాలు పేర్లుగా చెల్లకపోవటాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: హాస్కెల్, లెక్సర్, టోకెన్, యూనికోడ్, గుణింతం, ఉకారాంతాలు, తెలుగు అంకెలు.

ప్రవేశిక

కంపైలర్‌కు చేరేసరికి ప్రోగ్రాం ఒక పొడవైన అక్షరాల వరుస మాత్రమే. అందులో పేరు ఏది, సంఖ్య ఏది, గుర్తు ఏది అని ముక్కలు చేసే తొలి విభాగాన్ని లెక్సర్ అంటారు. ఆ ముక్కలే టోకెన్లు. 'అతడెక్కడ' అన్న మాటను 'అతడు', 'ఎక్కడ' అని విడదీసుకొనే తెలుగు పాఠకుడికి అర్థం తోడ్పడుతుంది. లెక్సర్‌కు అర్థంతో పనిలేదు. దానికి ఉన్న ఆధారాలు రెండే: ఎదురైన అక్షరం ఏ వర్గానికి చెందినది, ఆ వర్గానికి అనుమతి ఉన్నంతవరకు ముక్కను ఎంత పొడవుగా తీసుకోవచ్చు అన్నవి.

తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ పేరు పెట్టుకొన్న ఈ భాషకు తొలి నిర్వచన పత్రం 1990లో వెలువడింది. 2010 నాటి నిర్వచనం ఇక్కడి చర్చకు ఆధారం. ఎక్కువగా వాడుకలో ఉన్న కంపైలర్ జీహెచ్‌సీ. దాని ప్రవర్తన గురించి ఇక్కడ చెప్పినవి 9.4 వెర్షన్‌కు సంబంధించినవి.

మొదటి అక్షరం

హాస్కెల్‌లో రోమన్ చిన్న అక్షరంతో మొదలైన పేరు చరరాశినో ప్రమేయాన్నో సూచిస్తుంది. పెద్ద అక్షరంతో మొదలైనది రకాన్నో, ఆ రకపు విలువలను నిర్మించే కన్‌స్ట్రక్టర్‌నో సూచిస్తుంది. చాలా భాషల్లో ఇది రాతలో పాటించే మర్యాద మాత్రమే. హాస్కెల్‌లో వ్యాకరణం. ఒక నమూనాలో చిన్న అక్షరపు పేరు ఉంటే ఎదురైన ఏ విలువనైనా అది స్వీకరిస్తుంది; పెద్ద అక్షరపు పేరు ఉంటే విలువ ఆ కన్‌స్ట్రక్టర్‌తో కట్టినదేనా అని పోల్చి చూస్తుంది. ఒక్క అక్షరం ఆకారంతో ప్రోగ్రాం అర్థమే మారుతుంది.

తెలుగు లిపిలో చిన్న, పెద్ద అన్న భేదం లేదు. యూనికోడ్ తెలుగు అచ్చులను, హల్లులను 'ఇతర అక్షరాలు' అన్న వర్గంలో చేర్చింది. నిర్వచన పత్రం మాత్రం చిన్న, పెద్ద అక్షరాలను గురించే చెప్పింది. ఈ ఖాళీని జీహెచ్‌సీ తనకు తోచినట్లు పూరించి, భేదం లేని లిపుల అక్షరాలన్నింటినీ చిన్న అక్షరాలుగా లెక్కించింది. ఫలితంగా ప్రమేయానికి తెలుగు పేరు పెట్టవచ్చు. రకానికి పెట్టాలంటే ముందు ఒక రోమన్ పెద్ద అక్షరాన్ని అతికించక తప్పదు.

గుణింతం చీలిన చోటు

మొదటి అక్షరం తరువాత పేరులో అక్షరాలు, అంకెలు, కిందిగీత, పైకామా రావచ్చు. గణితంలో మూలరాశికీ దాని మారిన రూపానికీ భేదం చూపే గుర్తే ఈ పైకామా. ఇంతవరకు చిక్కు లేదు. చిక్కంతా గుణింతపు గుర్తులతోనే.

'మా' అన్నది చదువరికి ఒక అక్షరం; యూనికోడ్‌లో అది మకారం, దీర్ఘం అనే రెండు సంకేతాలు. యూనికోడ్ ఈ గుర్తులను రెండు వర్గాలుగా పంచింది. అడ్డంగా అదనపు చోటు తీసుకోనివి ఒక వర్గం, తీసుకొనేవి మరొకటి. తెలుగులో దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం, పొల్లు మొదటి వర్గంలో ఉన్నాయి. కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రసుడి, దాని దీర్ఘం, సున్న, అరసున్న, విసర్గ రెండవ వర్గంలో ఉన్నాయి. విభజనకు ఆధారం అచ్చులో గుర్తు కూర్చునే తీరే తప్ప ఉచ్చారణ గానీ వ్యాకరణం గానీ కాదు. జీహెచ్‌సీ లెక్సర్ మొదటి వర్గాన్ని పేరులో అనుమతిస్తుంది, రెండవ వర్గాన్ని అనుమతించదు.

దీని పర్యవసానం వింతగా ఉంటుంది. 'తీసివేత' అన్న పేరుతో ప్రమేయం రాయవచ్చు, 'కూడిక' అన్న పేరుతో రాయలేము. 'హెచ్చవేత' చెల్లుతుంది, 'గుణకారం' చెల్లదు. 'జాబితా', 'లెక్క', 'రాశి' చెల్లుతాయి. 'సంఖ్య', 'విలువ', 'మొత్తం' చెల్లవు. 'పేరు' అన్నదే పేరుగా పనికిరాదు. 'తెలుగు' కూడా అంతే. 'పేర' వరకు ఒక టోకెన్‌గా తీసుకొన్న లెక్సర్ కొమ్ము దగ్గర ఆగి, 3137 అన్న సంకేతసంఖ్యను చూపి దోషమని ప్రకటిస్తుంది. ఆ సంఖ్య తన పదంలోని కొమ్ముదేనని కొత్తగా నేర్చుకొనే విద్యార్థికి తట్టే అవకాశం తక్కువ.

ఇది అక్కడక్కడ ఎదురయ్యే ఇబ్బంది కాదు. పుంలింగ ప్రథమైకవచనంలోని 'డు', 'ము' ప్రత్యయం, దాని నేటి రూపమైన సున్న, బహువచనపు 'లు' అన్నీ నిషిద్ధ వర్గంలోనే పడతాయి. అంటే 'రాముడు', 'పుస్తకము', 'పుస్తకం', 'పుస్తకాలు' నాలుగూ పోతాయి. 'సీత', 'నది' నిలుస్తాయి. తెలుగు నామాలకు సహజమైన ముగింపులే ఎక్కువగా వేటుకు గురవుతున్నాయి. దేవనాగరిలో పరిస్థితి తలకిందులు: అక్కడ ఉకారపు గుర్తులు, అనుస్వారం మొదటి వర్గానికి, ఆకార, ఇకారాల గుర్తులు రెండవ వర్గానికి చెందుతాయి. ఒకే ధ్వని ఒక లిపిలో చెల్లి మరొక లిపిలో చెల్లకపోవటమే ఈ ప్రమాణం భాషాపరమైనది కాదనటానికి తగిన సాక్ష్యం.

పేర్ల కోసం యూనికోడ్ సంస్థ విడిగా ఇచ్చిన సూచన రెండు వర్గాలనూ అనుమతిస్తుంది. 2008లో వచ్చిన పైథాన్ 3 దాన్నే అనుసరించింది కాబట్టి అందులో 'తెలుగు' చెల్లుబాటయ్యే పేరు. జీహెచ్‌సీ లెక్సర్ రోమనేతర అక్షరాన్ని ముందుగా దాని వర్గంగా మార్చుకొని, ఆ వర్గాన్ని బట్టే నడుస్తుంది. అందుచేత లోపం ఆ పట్టికలోని ఒక్క వరుసకు పరిమితం. భాష మౌలిక నిర్మాణాన్ని ఇందుకు తప్పుపట్టటం న్యాయం కాదు.

సంఖ్యలు

సంఖ్యల నియమాలు సరళమైనవే. అంకె తరువాత అంకె వచ్చినంతవరకు ఒకే సంఖ్య. దశాంశ బిందువుకు రెండు పక్కలా అంకె ఉండాలి, అందువల్లే [1..5] అన్నప్పుడు లెక్సర్ 1 దగ్గర ఆగి, రెండు చుక్కలను వేరే టోకెన్‌గా తీసుకొంటుంది. ఋణచిహ్నం సంఖ్యలో భాగం కాదు. ప్రమేయం పేరు పక్కన -1 అని రాస్తే, ప్రమేయం నుంచి 1 తీసివేయమన్న అర్థం వస్తుంది, కుండలీకరణం తప్పనిసరి. అంకెల మధ్య కిందిగీత పెట్టే వీలు 2018లో 8.6 వెర్షన్‌తో వచ్చింది. ఎన్ని అంకెలకొకసారి పెట్టాలన్న నిర్బంధం లేదు కనుక కోటిని మన పద్ధతిలోనే 1_00_00_000 అని రాసుకోవచ్చు.

తెలుగు అంకెల సంగతి వేరు. 2010 నిర్వచనం యూనికోడ్ దశాంశ అంకెలన్నింటినీ అంకెలుగానే అంగీకరించింది. ఆ లెక్కన ౨౦౧౦ అన్నది సంఖ్య కావాలి. జీహెచ్‌సీ మాత్రం సంఖ్యలలో 0 నుంచి 9 వరకే స్వీకరిస్తుంది. ఇది ప్రస్తుతానికి చేసిన ఏర్పాటే, నిజానికి అన్ని అంకెలూ ఉండాలి అన్న భావం గల వ్యాఖ్య లెక్సర్ మూలంలోనే ఉంది. అదే తెలుగు అంకె పేరులో మాత్రం చెల్లుతుంది: 'క౧' మంచి పేరు, ౧ సంఖ్య కాదు. 2008లో యూనికోడ్‌లో చేరిన తెలుగు భిన్నాంకెలదీ ఇదే గతి. కాలు, వీసం వంటి చతుర్థాంశ గణనకు పుట్టిన ఆ గుర్తులు ఇక్కడ పేరుకు అలంకారాలయ్యాయి, విలువ లేదు.

సొంతంగా తెలుగు పాఠాన్ని విశ్లేషించే ప్రోగ్రాం రాసేవారికీ ఇదే జాగ్రత్త అవసరం. పార్సెక్ గ్రంథాలయంలో 'లెటర్' అన్న ప్రమేయం గుణింతపు గుర్తులు వేటినీ అక్షరాలుగా గుర్తించదు. దాన్నే వరుసగా ప్రయోగిస్తే 'మాట'లో మకారం దగ్గరే ఆగిపోతుంది. గుర్తుల వర్గాలు రెండింటినీ విడిగా చేర్చుకోవాలి. 'డిజిట్' అన్నది తెలుగు అంకెను గుర్తించదు. అక్కడ కావలసినది చిన్న సవరణ: అంకె సంకేతసంఖ్య నుంచి తెలుగు సున్నా సంకేతమైన 3174ను తీసివేస్తే విలువ వస్తుంది, అంతవరకు వచ్చిన మొత్తాన్ని పదితో హెచ్చవేసి దాన్ని కలుపుతూ పోతే ౨౦౧౦ నుంచి 2, 20, 201, 2010 వరుసగా వస్తాయి.