దవడ పట్టు – హనుగ్రహము

నోరు తెరిచినప్పుడు చెవి ముందు ‘టక్కు’మను శబ్దము, నమలునప్పుడు నొప్పి. పన్ను తీయించుకొన్నను బాధ పోలేదని మా కామారెడ్డి జిల్లా తాడ్వాయి ప్రాంతమున నా వద్దకు వచ్చువారు కలరు. దోషము పంటిది కాదు, దవడ కీలుది.

నాలుకను అతిగా గీయుట, ఎండు పదార్థములు నములుట, దెబ్బ తగులుట: ఈ మూడింట వాతము ప్రకోపించి దవడను చెరచునని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయమున చెప్పిరి. నిద్రలో పండ్లు కొరుకుట, మనోవ్యాకులత కూడ హేతువులే.

వాతమునకు స్నిగ్ధోష్ణములు విరుగుడు. గోరువెచ్చని నువ్వులనూనె మృదువుగా మర్దించి, వేడినీట పిండిన గుడ్డతో రెండు పూటల కాపడము పెట్టవలెను. జావ, పెసరకట్టు హితము. వేయించిన మక్కలు, చెరకు, వక్క మానవలెను. ఆవులించునప్పుడు గడ్డము క్రింద పిడికిలి ఆనించుడు.

తెరిచిన నోరు మూతపడనిచో ఇంట లాగరాదు; వైద్యుని చేరుడు. గాయము తరువాత దవడ బిగిసినచో ధనుర్వాతమును, ఛాతీ బరువుతో దవడ లాగినచో గుండెపోటును శంకించి తక్షణమే ఆసుపత్రికి పోవలెను.