గూడు జారిన గ్రద్దపిల్ల

మే మాసపు మధ్యాహ్నం. ఢిల్లీ నగరంలోని ఆర్.కె. పురంలో ప్రభుత్వోద్యోగుల క్వార్టర్ల మధ్య చెట్లు ఎండకు సొమ్మసిల్లినట్లుంటాయి. ఉన్నట్టుండి ఆకాశం మట్టిరంగుకు తిరుగుతుంది. అక్కడివారు ‘ఆంధీ’ అని పిలిచే గాలిదుమారం కొద్దిసేపట్లోనే వచ్చి వెళ్లిపోతుంది. అది వెళ్లిన పిమ్మట చెట్ల క్రింద విరిగిన కొమ్మలతో పాటు ఒక్కొక్కసారి ఒక ప్రాణి కూడా పడి ఉంటుంది. కొంకి తిరిగిన ముక్కు, నల్లని పెద్ద కళ్లు, నేలను రాచుకుపోతున్న ఒక రెక్క. దగ్గరకు వచ్చిన ప్రతివారి మీదికీ అది నోరు తెరుస్తుంది. చుట్టూ పిల్లలు గుమిగూడతారు. పైన కాకులు గోల చేస్తాయి. ఎవరో జాలిపడి గిన్నెతో పాలు తెస్తారు.

ఆ పక్షి బ్రతుకుతుందా లేదా అన్నది చాలావరకు ఆ తర్వాతి గంటలోనే తేలిపోతుంది. విచిత్రమేమంటే, కాకుల కన్న ఆ పాలగిన్నెతోనే దానికి ఎక్కువ అపాయం.

చూసినవారు దానిని డేగ అంటారు, గరుడపక్షి అంటారు. అది సాధారణంగా నల్లగ్రద్ద. మన పల్లెల్లో కోడిపిల్లలను తన్నుకుపోతుందని అమ్మమ్మలు కర్ర పుచ్చుకొని తరిమే గద్ద అదే. ఢిల్లీ దానికి పుట్టినిల్లు వంటిది. సోవియట్ పక్షిశాస్త్రజ్ఞుడు గలూషిన్ ఆ నగరంలో గ్రద్దల గూళ్లను లెక్కించి, 1971లో ప్రకటించిన పరిశోధనలో, సుమారు 150 చదరపు కిలోమీటర్ల మేరలో 2,400 నల్లగ్రద్దల జతలున్నాయని అంచనా వేశాడు. వేటాడే పక్షులు ఇంత ఒత్తుగా కాపురముండే నగరాలు ప్రపంచంలో అరుదు. ఊరి చెత్తకుప్పలూ, మాంసపు దుకాణాలూ వాటిని పోషిస్తున్నాయి. పాత ఢిల్లీలో పుణ్యార్థం గ్రద్దలకు మాంసపు ముక్కలు ఎగురవేసే ఆచారం కూడ ఉన్నది. గూటికి మాత్రం ఎత్తయిన చెట్టు కావాలి. 2018లో ఆర్.కె. పురానికి ఆనుకొని ఉన్న మొహమ్మద్‌పూర్‌తో సహా దక్షిణ ఢిల్లీ ప్రభుత్వ కాలనీల పునర్నిర్మాణం కోసం వేలాది చెట్లను కొట్టబోగా జనం వీధుల్లోకి వచ్చారు. హైకోర్టు ఆ నరుకుడును నిలిపివేసింది. ఆ చెట్లతో పాటు ఎన్ని గూళ్లు నిలిచాయో ఊహించుకోవలసిందే.

క్రింద పడిన పిల్ల దిక్కులేనిదని తలచడం తొలి పొరపాటు. ఈకలు నిండి, కొమ్మ మీదికి దూకడం నేర్చుకొనే వయస్సులో గ్రద్దపిల్ల జారిపడడం మామూలే. తల్లిదండ్రులు సాధారణంగా చుట్టుప్రక్కలే ఉంటాయి. గూటి దగ్గరకు వెళ్లినవారి నెత్తిమీదికి దూసుకువచ్చి అవి ఆ సంగతి తెలియజేస్తాయి కూడాను! మనిషి చేయి సోకితే తల్లి పిల్లను ముట్టదన్న మాట లోకంలో గట్టిగా పాతుకొని ఉన్నది. అది నిజం కాదు. దెబ్బ తగలని పిల్లను అదే చెట్టు మీదికి చేరిస్తే, గూడు చెడిపోయినప్పుడు అడుగున రంధ్రాలున్న గంపను ఎత్తయిన కొమ్మకు కట్టి అందులో ఉంచితే, చాలాసార్లు తల్లి మళ్లీ ఆహారం తెచ్చి పెడుతుంది. ఎంత నేర్పరి అయినా మనిషి ఆ తల్లికి సాటిరాడు.

రెక్క వ్రేలాడుతున్నా, రక్తం కారుతున్నా సంగతి వేరు. అప్పుడు తల మీద గుడ్డ కప్పాలి. గ్రద్దకు చీకటే మత్తుమందు. ముక్కు కన్న గోళ్లే ప్రమాదం కనుక కాళ్లు జాగ్రత్తగా పట్టుకొని, గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచి, అలికిడి లేని చోట పెట్టాలి. అటవీ శాఖకు గాని, పక్షుల వైద్యులకు గాని కబురు చేయాలి. అంతే. పాలు వద్దు, వాటిని అరిగించుకొనే శక్తి పక్షులకు లేదు. నోట్లో నీళ్లు పోయరాదు. శ్వాసనాళపు ద్వారం నాలుక వెనుకనే ఉంటుంది కనుక నీరు ఊపిరితిత్తులలోకి పోతుంది. మరొక వింత ఉన్నది. పక్షి భుజపుటెముక బోలుగా ఉండి, దేహంలోని గాలితిత్తులతో కలిసి ఉంటుంది. అది విరిగి చర్మం చీలినప్పుడు గాయం కడుగుదామని నీళ్లు ధారగా పోస్తే, ఆ దారినే పోయి పక్షి ఉక్కిరిబిక్కిరి కావచ్చు. పుండు కడగడం మనకు పుణ్యం, దానికి గండం!

పక్షి ఎముక మన ఎముక కన్న త్వరగా, సుమారు మూడు వారాలలో అతుకుతుంది. ఇది వరమూ, శాపమూ కూడ. వంకరగా అతికినా అంత త్వరగానే అతుకుతుంది. ఇక ఆ పక్షి జన్మలో ఎగరదు.

ఈ విద్యను అనుభవంతో నేర్చినవారు ఉత్తర ఢిల్లీలోని వజీరాబాద్‌లో ఉన్నారు. నదీమ్ షెహజాద్, మహమ్మద్ సవూద్ అన్నదమ్ములు. యౌవనంలో వారికి దెబ్బతిన్న గ్రద్ద ఒకటి దొరికింది. పక్షుల చికిత్సాలయానికి తీసుకువెళితే, మాంసాహారి కనుక చేర్చుకోమన్నారు. వారు పశువైద్యులను ఆశ్రయించారు, చూచి నేర్చుకున్నారు. కండలు పెంచే వ్యాయామం మీద మక్కువ ఉన్నవారు కనుక, కండరాలూ స్నాయువుల గురించి ఆ పత్రికలలో చదివినది గ్రద్ద రెక్కల విషయంలోనూ అక్కరకు వచ్చింది. జీవనోపాధికి సబ్బుద్రవం పోసే పరికరాలు తయారు చేసే కార్ఖానా నడిపారు. దాని ప్రక్కనే చికిత్స. ఇన్నేళ్లలో వేలాది పక్షులు వారి చేతుల మీదుగా ఎగిరిపోయాయి. శౌనక్ సేన్ వారిపై నిర్మించిన ‘ఆల్ దట్ బ్రీద్స్’ అన్న చిత్రం 2022లో సన్‌డాన్స్‌లోనూ, కాన్‌లోనూ బహుమతులు పొంది, 2023లో ఆస్కార్ పోటీకి ఎంపికయ్యింది.

వారి దగ్గరకు వచ్చే గ్రద్దలలో ఎక్కువ గూడు జారినవి కావు, గాలిపటాల దారం తెగగోసినవి. గాజుపొడి పూసిన మాంజా ఎగిరే పక్షి రెక్క ముందంచున ఉండే పలుచని చర్మాన్ని, దాని లోపలి స్నాయువును రంపంలా కోస్తుంది. ఢిల్లీ ప్రభుత్వం 2017 జనవరిలో నైలాన్ మాంజాను నిషేధించింది. అయినా ఆగస్టు 15 సమీపించేసరికి రెక్కలు తెగిన గ్రద్దలు వస్తూనే ఉంటాయి.

మానిన తర్వాత కూడ ఒక చిక్కు మిగులుతుంది. చిన్ననాటి నుండి మనిషి చేతి ముద్దకు అలవాటు పడిన గ్రద్దపిల్ల మనిషినే తల్లి అనుకుంటుంది. అది వేట నేర్వదు, తోటి గ్రద్దలను ఎరుగదు. అందుచేత తెలిసినవారు దానిని ముద్దు చేయరు, పేరు పెట్టరు, ఈడైన పిల్లలతో కలిపి ఉంచుతారు. వజీరాబాద్‌లో కోలుకున్న పక్షులను మేడ మీద, పైభాగం తెరిచి ఉన్న పెద్ద పంజరంలో ఉంచుతారు. ఎగరగల పక్షి ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. ఎవరూ తరమరు. కొన్ని పక్షులు కొయ్య మీదనే కూర్చుండి, ఆకాశంలో తిరుగుతున్న తమ జాతి వైపు తల వంచి చూస్తుంటాయి. రెక్కలు విప్పుతాయి, మళ్లీ ముడుస్తాయి. ఒకనాటి ఉదయం మేత పెట్టడానికి వెళ్లేసరికి ఒక కొయ్య ఖాళీగా ఉంటుంది.