చెయ్యి కాలని పిడి కోసం

ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని పోతే తుర్కయాంజాల్, బొంగుళూరు, మంగళ్‌పల్లి దాటాక, ఇంకాసేపట్లో ఇబ్రహీంపట్నం అనగా వచ్చే ఊరు శేరిగూడ. పక్కనున్న పట్నానికి 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరుంది, పెద్ద చెరువుంది. శేరిగూడ పేరు జిల్లాల అవతలికి పాకింది మాత్రం ఇంజనీరింగ్ కాలేజీల వల్ల. శ్రీ ఇందు కాలేజీలు ఈ ఊళ్లోనే ఉన్నాయి. ఖానాపూర్‌లో గురునానక్, మంగళ్‌పల్లిలో సీవీఆర్. ఇదే మండలంలోని ఆదిబట్లలో టీసీఎస్, విమాన భాగాలు తయారుచేసే కర్మాగారాలు. యాంత్రికశాస్త్రం, విద్యుత్తు, ఉష్ణప్రసరణ చదివే పిల్లలు రోజూ వేలల్లో దిగే రోడ్డు ఇది.

ఇంతమంది చదువుకునే, కొలువు చేసే చోట ఇస్త్రీకి గిరాకీ తగ్గదు. ల్యాబ్‌కు యూనిఫాం కావాలి. సెమినార్‌కు చొక్కా నలగకూడదు. క్యాంపస్ ఇంటర్వ్యూ ఉందంటే ముందు రోజు సాయంత్రమే హాస్టల్ పిల్లవాడు జత బట్టలు పట్టుకుని వస్తాడు. “అక్కా, పొద్దున ఏడుకల్లా కావాలె” అంటాడు. “యాళ్లకే అయితది, నువ్వు ఫికర్ చేయకు బిడ్డా” అని జవాబొస్తుంది. ఇట్లాంటి మాటలు సాగర్ రోడ్డు పొడుగునా ఏ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడినా వినిపిస్తాయి. నాకు మనసు పట్టేది ఆ బల్ల అవతల నిలబడిన మనిషి కుడిచేతి మీద. ఆ చేతిలో ఉన్న పిడి మీద.

ఇస్త్రీ చరిత్రను చాలామంది వేడి చరిత్రగా చెబుతారు: నిప్పులు, ఆ తర్వాత కరెంటు, ఆ తర్వాత ఆవిరి. నిజానికి అది పిడి చరిత్ర కూడా. ఇనుము వేడెక్కితేనే ముడత పోతుంది. అదే వేడి పిడిలోకి పాకితే చెయ్యి కాలుతుంది. అడుగు మండాలి, పైన చల్లగా ఉండాలి. ఈ చిక్కును విప్పడానికి లోకం చాలా దారులు తొక్కింది.

వాటిలో ఒకటి అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని అటమ్వా అనే ఊళ్లో పుట్టింది. మేరీ ఫ్లారెన్స్ పాట్స్ అక్కడ 1850లో పుట్టిన ఇల్లాలు. ఆ కాలపు ఇస్త్రీ పెట్టె అంటే పోతపోసిన ఇనుప దిమ్మె. పిడి కూడా ఇనుమే, దిమ్మెతో కలిసే ఉండేది. దాన్ని పొయ్యి మీద పెట్టి కాల్చి, మందపాటి గుడ్డ చుట్టి పట్టుకోవాలి. కాసేపటికి దిమ్మె చల్లారుతుంది, మళ్లీ పొయ్యెక్కుతుంది. పాట్స్ మూడు దిమ్మెలకు ఒకే కట్టె పిడి చేయించింది. ఆ పిడి ఊడి వస్తుంది. ఒక దిమ్మెతో చొక్కాలు చేస్తుంటే మిగతా రెండూ పొయ్యి మీద కాగుతుంటాయి. చేతిలోది చల్లారగానే దాన్ని పొయ్యి మీద వదిలి, పిడిని మాత్రం ఊడదీసి, వేడెక్కిన దిమ్మెకు తగిలించడమే. పిడి పొయ్యెక్కదు గనుక చల్లగానే ఉంటుంది.

ఆమె ఆలోచన అంతటితో ఆగలేదు. దిమ్మె లోపల ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ లాంటి, వేడి తొందరగా పాకని పదార్థం నింపితే సెగ అడుగునే ఉంటుంది, పైకి రాదు. రెండు కొసలనూ మొనదేలిస్తే పెట్టెను తిప్పకుండానే అటూ ఇటూ నడపొచ్చు, మణికట్టుకు తిప్పుడు తప్పుతుంది. 1871లో పేటెంటు వచ్చేనాటికి ఆమె వయసు ఇరవై ఏళ్లు, ఇవాళ శేరిగూడలో ఇంజనీరింగ్ చదివే పిల్లల ఈడు. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆ పెట్టెను జనం చూశారు. అదే నగరంలోని ఎంటర్‌ప్రైజ్ కంపెనీ వాటిని తయారుచేసి అమ్మింది. మూడు దిమ్మెలు, ఒక పిడి, ఒక పీట కలిపి ఒక సెట్టు. ప్రకటనల మీద ఆమె బొమ్మే వేశారు.

ఆ పెట్టె మన ఊళ్లలో ఎందుకు పాతుకోలేదన్నది ఆలోచించాల్సిన విషయం. నాకు తోచింది ఇది. మూడు దిమ్మెలు ఒకేసారి కాగాలంటే పైన చదునుగా, మూసి ఉన్న ఇనుప పొయ్యి కావాలి. మన పొయ్యి మూడు రాళ్లదో, మట్టిదో. మంట బయటికే ఉంటుంది. దాని మీద పెట్టిన దిమ్మె అడుగున మసి పడుతుంది, ఆ మసి తెల్లచొక్కాకు అంటుతుంది. పైగా మన దగ్గర ఇస్త్రీ వంటింటి పని కాదు. అది రజకుల పని. చెట్టు కిందో, బండి మీదో, ఇంటి ముందరి అరుగు మీదో జరిగే పని. అక్కడికి పొయ్యి రాదు, నిప్పు రావాలి. అందుకే నిప్పునే పెట్టె లోపల పోశారు.

బొగ్గుల పెట్టె

ఇత్తడిదైనా ఇనుముదైనా బొగ్గుల పెట్టె రూపం ఒకటే. అడుగు మందం, గోడలు ఎత్తు, వెనక మడతబందుతో తెరుచుకునే మూత, ముందు కొక్కెం. గాలి ఆడటానికి పక్కల చిన్న చిన్న సందులు. మూత మీద రెండు కమ్మీలు లేపి వాటి నడుమ కట్టె పిడి. అడుగున రగిలే నిప్పుకు చెయ్యి వీలైనంత దూరంగా ఉండాలనే ఆ ఎత్తు. పాట్స్ పిడిని ఊడదీసి కాపాడింది, మనవాళ్లు పైకి లేపి కాపాడారు. పెట్టెలో ముందు అరిగేది, పగిలేది ఆ కట్టే. అడుగు పదేళ్లు చెక్కుచెదరదు, పిడి మాత్రం వడ్లాయన చేతిలో మళ్లీ మళ్లీ కొత్తదవుతుంది.

బరువు ఐదారు కిలోలు, పెద్దదైతే ఇంకా ఎక్కువ. బొగ్గు ముందు పక్కన రగిలించి, నిగనిగలాడాక పెట్టెలో పోయాలి. మసక పడితే పెట్టెను గాలిలో ఊపాలి. బూడిద దులపాలి. లేకపోతే నిప్పురవ్వ ఎగిరి గుడ్డ మీద చిల్లు పెడుతుంది. మొదటి రాపిడి పాత గుడ్డ మీదే. బొగ్గు కాలుతుంటే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన లేని విషం అది. మూసిన గదిలో బొగ్గుల పెట్టె పెట్టుకుని పనిచేయకూడదు. చెట్టు కింద పని చేయడం చల్లదనానికే కాదు, ప్రాణానికీ మంచిది.

ఇంట్లో ఇస్త్రీ చేసుకున్నవాళ్లకు ఇంకో దారి ఉండేది. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, దాని అడుగుతో బట్ట మీద రుద్దడం. అరవై దాటిన ఎవరినైనా అడగండి, బడికి పోయే ముందు నిక్కరు మీద చెంబు తిప్పిన రోజు చెబుతారు. ఆ చెంబును పట్టుకునేది గుడ్డతో, లేదంటే పట్కారుతో. గిన్నెకు తన పిడి లేకపోయినా ఒక్క పట్కారు ఇంట్లో ఉన్న గిన్నెలన్నింటికీ పిడి అవుతుంది. పాట్స్ మూడు దిమ్మెలకు ఒక పిడి చేయడం వెనక ఉన్న తెలివి, మన వంటింట్లో పేటెంటు లేకుండా తరతరాలుగా ఉంది. నిప్పులు కూడా లేకపోతే బట్ట మడిచి పరుపు కింద పెట్టి రాత్రంతా దాని మీద పడుకోవడమే.

వేడి, తడి రెండూ ఎందుకు కావాలో కూడా చెప్పాలి. నూలు పోగు సెల్యులోజు. అందులోని గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు ముడతను అలాగే పట్టి ఉంచుతాయి. నీళ్లు చల్లి వేడి పెడితే ఆ బంధాలు వదులవుతాయి, బరువు బట్టను చదును చేస్తుంది, ఆరాక ఆ బంధాలు కొత్త రూపంలో గట్టిపడతాయి. అందుకే మూతకు చిల్లులు పొడిచిన నీళ్ల సీసా ప్రతి ఇస్త్రీ బల్ల మీద ఉంటుంది. బట్ట చీటీ మీద పెట్టె బొమ్మలో మూడు చుక్కలుంటే 200 డిగ్రీల దాకా, రెండైతే 150, ఒకటైతే 110. బొగ్గుల పెట్టెకు ఈ చుక్కలు తెలియవు. అడుగు మీద నీటి చుక్క వేసి, అది చిందే తీరును చూసి వేడి చెప్పే చెయ్యే దానికి థర్మోస్టాట్. నూలు చొక్కా తర్వాత పాలిస్టర్ చీర అందుకునే ముందు ఎంతసేపు ఆగాలో ఆ చెయ్యికి తెలుసు.

ఆ చెయ్యి వెనక

ఆ చేతికి ఊరు ఏమిచ్చిందో తలుచుకోకుండా ఇస్త్రీ గురించి రాయడం అన్యాయం. రేవులో చౌడుతో నానబెట్టి, బానలో ఉబ్బకు పెట్టి, బండ మీద బాది, గంజి పెట్టి, ఎండేసి, మడత వేసేదాకా ఒకే కుటుంబం పని. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి రసంతో మూలన గుర్తు. ఎన్ని ఉతుకులకైనా ఆ గుర్తు చెరగదు. ఊరందరి గుర్తులూ తలలో పెట్టుకున్న ఆ జ్ఞాపకశక్తికి కూలి, పంట కళ్లంలో దొరికే మేర గింజలు. నిజాం కాలంలో దొర గడీ బట్టలకైతే అదీ లేదు, వెట్టి.

పాలకుర్తి చాకలి ఐలమ్మ ఈ చాకిరీ ఇంట్లోంచి వచ్చిన మనిషే. 1895లో పుట్టింది. కౌలుకు తీసుకున్న భూమిలో పండిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు ఎత్తుకుపోవాలని చూస్తే, దొరలకు ఎదురు నిలిచిన సంఘం అండతో ఆ పంటను తన ఇంటికి చేర్చుకుంది. 1985లో కన్నుమూసింది. హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు. ఆ పేరు చదువుల గడప మీద కనిపిస్తుంటే నాకు సంతోషం. ఆ పేరు మోసే వృత్తిలోని చేతులకు చదువు ఏం చేసిందన్నది నా ప్రశ్న.

తెలంగాణ ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. 2021 ఏప్రిల్ 1 నుంచి రజకుల లాండ్రీలకు, దోబీ ఘాట్లకు, నాయీబ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం. లెక్క వేసి చూడండి. వెయ్యి వాట్ల పెట్టె ఆగకుండా గంట నడిస్తే ఒక యూనిటు. రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 26 రోజులు ఆగకుండా నడిచినా 208 యూనిట్లే. థర్మోస్టాట్ మధ్య మధ్య ఆపుతుంది గనుక నిజానికి ఇంకా తక్కువ. ఒక బల్ల నడవడానికి ఇది సరిపోతుంది. అయితే మీటరు ఉండాలంటే గోడ ఉండాలి, గోడకు కిరాయి ఉంటుంది. చెట్టు కింది బండికి మీటరు రాదు. అక్కడ ఇంకా బొగ్గే మండుతుంది. లేదంటే గ్యాసు పెట్టె, దాని గొట్టం, దాని సిలిండరు.

బండి సంగతి పట్టించుకున్న పిల్ల ఒకామె ఉంది. తమిళనాడు తిరువణ్ణామలైలో అప్పట్లో బడికి పోయే వినీషా ఉమాశంకర్, తమ వీధిలో ఇస్త్రీ చేసే ఆయన కాలిన బొగ్గు పారేయడం చూసి, సూర్యరశ్మితో నడిచే ఇస్త్రీ బండికి రూపం ఇచ్చింది. పైకప్పు మీద ఫలకాలు, లోపల బ్యాటరీ. ఐదు గంటల ఎండ పడితే ఆరు గంటల పని జరగాలన్నది ఆమె లెక్క. ఒక్కో బండిలో రోజుకు ఐదు కిలోలకు పైగా బొగ్గు కాలుతుందని ఆమె ఎత్తిచూపింది. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రపంచ నేతల ముందు మాట్లాడింది.

అటమ్వాలో ఇరవై ఏళ్ల ఇల్లాలు, తిరువణ్ణామలైలో బడిపిల్ల. ఇద్దరిదీ ఒకటే పద్ధతి: పక్కనే పనిచేస్తున్న చేతిని చూశారు, ఆ చేతికి ఏం కావాలో ఆలోచించారు. శేరిగూడ పిల్లలకు అంతకన్నా అనువైన చోటు ఎక్కడుంది? ఉష్ణప్రసరణ పాఠం చెప్పే తరగతి ఒకచోట, ఆ పాఠం రోజూ చేతికి తగిలే బల్ల అదే రోడ్డు మీద.

చేయాల్సిన పని చాలా ఉంది. ఏడు కిలోల పెట్టెలో ఎంత బరువు ముడత తీయడానికి అవసరం, ఎంత ఊరికే మోయడం? మణికట్టు, భుజం నొప్పి తగ్గాలంటే పిడి ఏ కోణంలో ఉండాలి? నిలబడే మనిషి ఎత్తును బట్టి బల్లను లేపి దించే సాధనం ఎంతలో చేయొచ్చు? మన ఎండకు బండి పైకప్పు మీద ఎన్ని వాట్లు పడతాయి, వానాకాలంలో ఎలా గడుస్తుంది? ఇవన్నీ కొలవదగిన ప్రశ్నలు. వీటికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక తూకం, ఒక థర్మామీటరు, బల్ల దగ్గర ఒక వారం నిలబడి చూసే ఓపిక చాలు.

చివరి ఏడాది పిల్లలకు ప్రాజెక్టు తప్పనిసరి. డబ్బులిచ్చి తయారైన ప్రాజెక్టు కొనుక్కుని, పేరు అతికించి, మార్కులు తెచ్చుకునే అలవాటు గురించి అందరికీ తెలుసు. ఈ ఏడాది అలా చేయకండి. అధ్యాపకులు కూడా ఒక్క బృందానికైనా ఈ అంశం ఇవ్వండి. మీరు చేసిన పెట్టెను తొలిసారి పరీక్షించాల్సింది ల్యాబ్‌లో కాదు, రోజూ వందల చొక్కాలు దాటే ఆ బల్ల మీద. బాగుందో లేదో చెప్పే అధికారం కూడా ఆ అక్కకే ఇవ్వండి. ఆమె సమయానికి కూలి కట్టి ఇవ్వడం మర్చిపోకండి.